తేరిన నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు

ఆషాఢం వెళ్ళేసరికి గోదారికి ఎర్రనీళ్ళు తగులుతాయి. కుళాయిలు రాని రోజుల్లో ఆ నీళ్ళు తేర్చుకోవడానికి లంక ఊళ్ళలో చిల్లగింజలు దాచుకునేవారు. కొన్నిచోట్ల ఇండుపగింజ అంటారు. గింజని తడిపి కుండ లోపలి గోడకి కాసేపు అరగదీయాలి, రేవునుంచి తెచ్చిన నీళ్ళు పోయాలి, చేత్తో ఒకసారి గిరగిరా తిప్పి వదిలేయాలి. గంటా రెండు గంటలకి బురద ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది, పైన నీళ్ళు అద్దంలా నిలుస్తాయి. పటిక ముక్క తిప్పినా జరిగేది ఇదే. మట్టి రేణువులన్నిటి మీదా ఒకేరకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలోనే తిరుగుతుంటాయి. గింజలోని జిగురు వాటిని ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తుంది.

అయితే అద్దంలాంటి ఆ నీళ్ళు తాగినా టైఫాయిడ్ రావచ్చు. బురదతోపాటు కొన్ని క్రిములు దిగుతాయి, అన్నీ దిగవు. మరగబెట్టాలి, లేదా క్లోరిన్ వేయాలి. తేర్చడం ఒక పని, శుద్ధి చేయడం ఇంకో పని.

ఒంటినీ మనసునీ కడుక్కోవాలనుకునేవాళ్ళు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. మూడురోజులు జ్యూసులే తాగినవాళ్ళూ, పదిరోజులు నోరువిప్పకుండా కూర్చున్నవాళ్ళూ, ఎక్కడో కొండమీద ఏదో మందు మింగివచ్చినవాళ్ళూ చెప్పేది ఒకటే మాట: "ఒళ్ళు తేలిగ్గా ఉంది, బుర్ర తేటగా ఉంది." ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది తేరిన సంగతే చెప్తుంది. లోపలినుంచి ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్పదు.

అసలు శుద్ధి అన్న ఒక్క మాట కింద మనం మూడు ఖాతాలు నడుపుతాం. మొదటిది మైల, పాపం, పుణ్యం. కార్తీకంలో తెల్లవారుజామున రేవు స్నానం, పన్నెండేళ్ళకొకసారి వచ్చే పుష్కరం (2015లో వచ్చింది, మళ్ళీ 2027లో), చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునుగుతూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర, ఇవన్నీ ఆ ఖాతాలోవి. సంకల్పంలో చెప్పేది పాపక్షయం గురించి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) గురించి కాదు. దానికి ల్యాబ్ పరీక్ష లేదు, అక్కర్లేదు కూడా. రెండోది ఒంట్లో చేరే వ్యర్థం. మూడోది మనసు: అలవాట్లు, భయాలు, "నేను" అనుకునే ముద్ద. ఒక ఖాతాలో సొమ్ము ఇంకో ఖాతాలో జమ కట్టినప్పుడే తేడాలొస్తాయి. పుణ్యం కోసం చేసే ఉపవాసంతో షుగర్ తగ్గించుకోవాలనుకోవడం, విరేచనంతో దిగులు పోగొట్టుకోవాలనుకోవడం అలాంటివే.

కాలవ వేరు, మురుగుకాలవ వేరు

గోదావరి మీద కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత డెల్టా నేర్చుకున్న పెద్ద పాఠం: నీళ్ళు తెచ్చే కాలవ ఎంత ముఖ్యమో, తీసుకెళ్ళే డ్రెయిన్ అంతకంటే ముఖ్యం. తుపాను వానకి చేను మునిగి వారమైనా నీరు లాగకపోతే రైతు వెళ్ళి చూసేది డ్రెయిన్‌లో గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందని. పైనుంచి ఇంకో తూము ఎత్తి నీళ్ళు వదిలితే చేను కడిగినట్టవుతుందని ఎవరూ అనుకోరు. ఒంటి విషయానికొచ్చేసరికి మాత్రం డీటాక్స్ పేరుతో అమ్మేవన్నీ పైనుంచి పోసేవే: జ్యూసులు, పొడులు, కషాయాలు, నీళ్ళు.

ఒంటికి డ్రెయిన్లు కాలేయం, మూత్రపిండాలు, పేగు, ఊపిరితిత్తులు. కేజీన్నర బరువుండే కాలేయం గుండా నిమిషానికి లీటరు పైచిలుకు రక్తం పోతుంది. అది రెండు మెట్లలో పనిచేస్తుంది. మొదటి మెట్టులో వచ్చిన పదార్థాన్ని కాస్త మారుస్తుంది, రెండో మెట్టులో దానికి ఇంకో అణువుని తగిలించి నీళ్ళలో కరిగేలా చేసి బయటికి పంపుతుంది. మొదటి మెట్టు దాటిన పదార్థం ఒక్కోసారి అసలుదానికంటే చెడ్డది. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతినేది అందుకే: మొదటి మెట్టులో తయారైన విషాన్ని కట్టిపడేసే సరుకు రెండో మెట్టులో అయిపోతుంది. కాబట్టి "కాలేయాన్ని ఉత్తేజపరిచే" మందు అంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ ఏ మెట్టుని ఉత్తేజపరుస్తుందన్నది అసలు ప్రశ్న. మూత్రపిండాలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో 178 లీటర్లకి పైగా వెనక్కి తీసుకుని లీటరున్నర బయటికి వదులుతాయి. అంతకంటే మంచి ఫిల్టర్‌బెడ్ ఏ మునిసిపాలిటీకీ లేదు.

ఒంట్లో పేరుకుపోయే విషాలు నిజంగానే ఉన్నాయి. సీసం ఎముకల్లో చేరుతుంది, డీడీటీలాంటి పాత పురుగుమందులు కొవ్వులో దాక్కుంటాయి. కానీ వాటికి పేరుంది, రక్తంలో కొలత ఉంది, సీసానికైతే విరుగుడు మందు కూడా ఉంది. చెమట పట్టిస్తేనో విరేచనం చేయిస్తేనో అవి చెప్పుకోదగ్గంత పోవు. కొవ్వు గబగబా కరిగితే అందులో దాక్కున్న మందు రక్తంలోకి వచ్చి కొన్నాళ్ళు ఇంకా పెరుగుతుంది కూడా. డీటాక్స్ అమ్మేవాళ్ళని అడగాల్సింది ఇదే: ఏ విషం? ముందెంత, తర్వాతెంత? జవాబు "టాక్సిన్స్" దగ్గరే ఆగిపోతే సంచి మడిచి ఇంటికి రావచ్చు.

కాళ్ళు పెడితే నీళ్ళు గోధుమరంగుకి మారే టబ్ చాలామంది ఎగ్జిబిషన్లలో చూసే ఉంటారు. ఉప్పునీళ్ళలో రెండు ఇనప పలకలు, వాటికి కరెంటు. అరగంటలో నీళ్ళు తుప్పురంగుకి తిరిగి నురగ కడతాయి. ఒంట్లో మలినమంతా అరికాళ్ళలోంచి దిగిందంటారు. కాళ్ళు పెట్టకుండా అదే టబ్ అరగంట నడిపించమనండి, అంతే రంగొస్తుంది, ఎందుకంటే అది ఇనుము తుప్పు. రాత్రి ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే తెల్లారి పచ్చటి "పిత్తాశయపు రాళ్ళు" పడతాయనేది ఇంకో వేషం. 2005లో వైద్యులు అలాంటి రాళ్ళని పరీక్ష చేస్తే నూనె పేగులో సబ్బుగా మారి కట్టిన ఉండలని తేలింది. ఇసబ్‌గోల్, బంకమట్టి కలిపిన పొడులు మింగాక పడే నల్లటి తాడులాంటి "పాత మలం" కూడా ఆ పొడిదే. పేగులోకి కెమెరా గొట్టం పంపి కొలనోస్కోపీ చేసే డాక్టర్లకి పేగు గోడమీద అలాంటి పొర కనబడదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లో తనే కొత్తది వేసుకుంటుంది.

పచ్చి రసాలు, బొండాలు

ఆనపకాయ జ్యూస్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే దీనితో ప్రాణాలు పోయాయి. ఆనప, దోస, బీర జాతిలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలుంటాయి. మామూలు కాయలో అతి తక్కువ. ఎండకీ, నీళ్ళెద్దడికీ, అడవి రకంతో పరపరాగమైన విత్తనానికీ ఒక్కోసారి విపరీతంగా పెరుగుతాయి. పైకి కాయ మామూలుగానే ఉంటుంది. కూర వండితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది, పారేస్తాం. జ్యూస్ అయితే నిమ్మకాయ, అల్లం, తేనె కలిపి, చేదు కాబట్టి మంచిదనుకుని గడగడా గ్లాసుడు తాగేస్తాం. కాసేపటికే వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తపు వాంతి, బీపీ పడిపోవడం. విరుగుడు లేదు, సెలైన్లు పెట్టి నిలబెట్టడమే. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం 2012లో ప్రచురించిన నివేదిక సారాంశం ఇంతే: చేదుగా ఉన్న ఆనపకాయ రసం తాగవద్దు, వేరే రసాలతో కలపవద్దు, తాగాక వికారంగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చేయాల్సింది చిన్నపనే. కాయ కోయగానే తొడిమ వైపునుంచి ఒక ముక్క నాలికకి తగిలించి చూడాలి. చేదుంటే కాయ మొత్తం పెంటమీదకే. ఉడకబెట్టినా ఆ చేదు విరగదు.

కోనసీమలో బొండాల మీదే రెండుమూడు రోజులు గడపడం ఒక పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పెద్ద ప్రమాదమేం లేదు. కానీ లెక్క చూడండి. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో పొటాషియం 200 నుంచి 250 మిల్లీగ్రాములు. మంచి బొండాంలో 300 మిల్లీలీటర్లుంటే 600కి పైనే. రోజుకి ఆరు తాగితే 4,000 చేరుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళని డాక్టర్లు దాదాపు అందులో సగం దగ్గరే ఆగమంటారు. పైగా బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్, గుండెకి వాడే స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడతాయి. పొటాషియం పెరిగితే ముందుగా హెచ్చరిక రాకపోవచ్చు. కాళ్ళు బరువెక్కినట్టుండి, గుండె లయ తప్పుతుంది. షుగరూ బీపీ పదేళ్ళుగా ఉన్నవాళ్ళు బొండాల ఉపవాసం మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకోవాలి. రెండూ ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేస్తారు.

తిప్పతీగ కషాయం కోవిడ్ రోజుల్లో రోజూ తాగి కాలేయం వాచినవాళ్ళని ముంబై వైద్యులు 2021లో నివేదించారు. తీగ పెరట్లోదే, మందు మన తాతలదే. కానీ తాతలు నెలలతరబడి తాగలేదు.

లంఖణం ఎవరికి ఔషధం

లంఖణం పరమౌషధం అన్నది అరగనప్పుడు, జ్వరం తగిలినప్పుడు చెప్పిన మాట. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా ఉండే ఉపవాసం ఆరోగ్యవంతుణ్ణి ఏమీ చేయదు. తిన్నది అయిపోగానే కాలేయం దాచిన గ్లైకోజెన్ ఒక రోజు వరకూ నడిపిస్తుంది, ఆ తర్వాత కొవ్వు కరిగి కీటోన్లు అనే ఇంధనం వస్తుంది. మొదటి మూడురోజుల్లో రెండు కేజీలు తగ్గామని మురిసిపోతారు గానీ అందులో ఎక్కువ నీళ్ళే. గ్రాము గ్లైకోజెన్ తన చుట్టూ మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే ఆ నీళ్ళూ పోతాయి. అన్నం తిన్న మర్నాడే వెనక్కొస్తాయి.

ప్రమాదం మాత్రల దగ్గర. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడుతూ మానకుండా ఉపవాసం ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు మొదలైతే, లేదా మీటర్‌లో 70 కంటే తగ్గితే వ్రతం అక్కడితో సరి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి. షుగర్‌కే వాడే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలది ఇంకో చిక్కు: షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. వాంతి, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ చూసి "షుగర్ బాగానే ఉందిగా" అనుకోకూడదు. బీపీ మాత్రలో నీరు లాగే మందు కూడా కలిసి ఉంటే, తిండి మానేసిన రెండోరోజు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడతారు.

నాలుగైదు రోజులు దాటిన ఉపవాసంలో చివరి రోజు కంటే విడిచే రోజే గండం. ఖాళీగా ఉన్న ఒంటికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి లాగేస్తుంది. గుండె, ఊపిరి కండరాలు పనిచేయడానికి అవే కావాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆకలితో మాడి విడుదలైన ఖైదీలు కడుపునిండా తిని చనిపోయినప్పుడు దీన్ని గుర్తించారు. మన ఆయుర్వేదంలో పంచకర్మ (ఒంటిని కడిగే ఐదు చికిత్సలు) తర్వాత వెంటనే భోజనం పెట్టరు, ముందు గంజి, తర్వాత జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం, ఇలా మూడునుంచి ఏడురోజులు. దాన్ని సంసర్జన క్రమం అంటారు. శోధన చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఎగ్గొట్టేది కూడా దాన్నే.

ఉప్పు కొలత, నీటి వేడి

హఠయోగంలోని షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధిక్రియల్లో, ఇళ్ళలో ఎక్కువగా చేసేవి రెండు: ఉప్పునీళ్ళతో ముక్కు కడిగే జలనేతి, పేగు కడిగే శంఖప్రక్షాళన. రెండిటిలోనూ మెలిక ఉప్పు దగ్గరుంది. మన రక్తం ఉప్పదనం లీటరుకి 9 గ్రాములు. నీళ్ళు కూడా అంతే ఉప్పగా ఉంటే పేగు వాటిని పీల్చుకోదు, వదిలేస్తుంది, జారిపోతాయి. చప్పటి నీళ్ళయితే లోపలికి పీల్చేసుకుని రక్తంలో సోడియం పలచబడుతుంది: తలనొప్పి, మగత, ఫిట్స్. ఉప్పు ఎక్కువైతే రక్తంలోంచి నీళ్ళు లాగేస్తుంది. "బాగా కడగాలి" అని గుప్పెడు ఉప్పేసేవాళ్ళకి జరిగేది ఈ చివరిదే.

పూర్తి శంఖప్రక్షాళన అంటే గోరువెచ్చని ఉప్పునీళ్ళు రెండేసి గ్లాసులు తాగడం, తాడాసనంతో మొదలుపెట్టి ఐదు ఆసనాలు వేయడం, విరేచనం తేటనీళ్ళుగా వచ్చేదాకా అలా మళ్ళీమళ్ళీ చేయడం. పదహారు గ్లాసులు దాటుతుంది. బీపీ, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ దీని జోలికి పోకూడదు. మిగతావాళ్ళు కూడా తెలిసిన గురువు ఎదురుగానే. ముప్పావుగంట విశ్రాంతి తర్వాత నెయ్యి వేసిన పెసరపప్పు పులగం తినాలి. కారం, పాలు, పచ్చికూరలు ఆ రోజుకి వద్దు.

జలనేతికి అరలీటరు నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచాకి కాస్త తక్కువ. ముక్కు మండిందంటే ఉప్పు తక్కువైంది, లేదా ఎక్కువైంది. నీళ్ళు కుతకుతా ఉడికి కనీసం నిమిషం మరిగాక చల్లార్చినవే వాడాలి. కాలవ మూసేలోపు నింపుకున్న ఊరిచెరువు నీళ్ళు వేసవిలో వెచ్చబడతాయి. వెచ్చటి మంచినీటిలో పెరిగే నెగ్లేరియా అనే అమీబా తాగితే ఏమీ చేయదు, ముక్కులోంచి పోతే మెదడుకి చేరుతుంది, దాదాపు ప్రాణం తీస్తుంది. కేరళలో 2024లోనూ 2025లోనూ ఇలాంటి అమీబా మెదడువాపు కేసులు వరసగా బయటపడ్డాయి. ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళు కూడా క్రిమిరహితం కావు, మరగబెట్టాల్సిందే. పెద్దవాళ్ళు రేవులో మూడు మునకలూ ముక్కు పట్టుకునే వేస్తారు, మంచి అలవాటు. నేతి అయ్యాక ఒక ముక్కు మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవిలోకి పోయి చీము పడుతుంది, కాబట్టి రెండు ముక్కులూ తెరిచి, వంగి, మెల్లగా వదలాలి.

ఆముదం సంగతి రెండు ముక్కల్లో. పేగుల్ని కదిలించే దాని ఆమ్లం గర్భసంచినీ కదిలిస్తుంది, అందుకే గర్భిణులకి వద్దు. తెలియని కడుపునొప్పికి అసలే వద్దు. అపెండిక్స్ వాచి ఉంటే విరేచనంతో పగిలే ప్రమాదం ఉంది.

కూర్చుంటే కనిపించేది

భీమవరం దగ్గర కుముదవల్లిలోనూ, ఏలూరు దగ్గర విజయరాయిలోనూ సత్యనారాయణ గోయెంకా పద్ధతిలో పదిరోజుల విపశ్యన శిబిరాలు జరుగుతాయి. బర్మాలో నేర్చుకున్న ఆయన 1969నుంచి ఇక్కడ నేర్పడం మొదలుపెట్టారు. రుసుము లేదు, పూర్తిచేసినవాళ్ళు ఇష్టమైతే విరాళం ఇస్తారు. పొద్దున 4 గంటలకి గంట, నాలుగున్నరకి ధ్యానం, 11కి భోజనం, సాయంత్రం 5కి కొత్తవాళ్ళకి పళ్ళు, టీ, పాతవాళ్ళకి నిమ్మనీళ్ళు, రాత్రి ప్రవచనం, తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. రోజుకి పది గంటలకి పైగా కూర్చోవడమే. తొమ్మిది రోజులూ మాట, సైగ, ఫోను, పుస్తకం, రాత ఏవీ ఉండవు.

మొదటి మూడురోజులూ ఆనాపాన. ముక్కు కింద, పైపెదవి మీద ఊపిరి తగిలే చోటే చూస్తూ ఉండాలి. ఊపిరిని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం కలపకూడదు. నాలుగోరోజు విపశ్యన: తలనుంచి కాళ్ళదాకా ఒక్కో భాగంలో ఏ స్పర్శ ఉంటే దాన్ని, నొప్పిగానీ జలదరింపుగానీ, ఇది ఉండాలనీ పోవాలనీ కోరకుండా గమనించడం. ఆ తర్వాతనుంచి రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చునే పట్టు. మోకాళ్ళ నొప్పి అప్పుడే శిఖరానికెళ్తుంది. రెండో రోజు, ఆరో రోజు పెట్టె సర్దుకునేవాళ్ళు ఎక్కువని శిబిరాల్లో చెప్పుకుంటారు.

ఇక్కడ జరిగేది చిల్లగింజ పనే. కుండ కదపకుండా ఉంచితే మడ్డి దిగుతుంది, నీళ్ళలో ఏముందో కనబడుతుంది. నొప్పి పుట్టగానే విసుగు, విసుగు వెనకే ఎవరిమీదో కోపం, ఆ కోపానికి పాత జ్ఞాపకం, ఈ గొలుసు ఒకసారి కళ్ళారా చూస్తే తర్వాత బజారులో కోపం వచ్చినప్పుడు కనీసం మొదటి లింకు దొరుకుతుంది. ఆత్మజ్ఞానం అన్న పెద్దమాటకి చేతికందే భాగం అంతే. ఉద్యోగం మానాలా, పెళ్ళి చేసుకోవాలా అన్నవాటికి అక్కడ జవాబు దొరకదు. దొరికిందనుకున్నవాళ్ళు నెలపాటు ఆగడం మంచిది. ఇంటికెళ్ళగానే కుండ మళ్ళీ కదులుతుంది కాబట్టే ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు.

వేదాంతులు ఈ గింజనే కతకం అంటారు. నీళ్ళని తేర్చాక ఆ పొడి కూడా మట్టితోపాటు అడుక్కి పోవాలి, జ్ఞానం కూడా అలాగే అని వాళ్ళ ఉపమానం. పైన తేలుతూ మిగిలిపోయిన పొడిని మనం రోజూ చూస్తూనే ఉంటాం: "మేం ధ్యానులం" అనే అహంకారం.

ఎక్కడ బెడిసికొడుతుంది? దరఖాస్తులో మానసిక జబ్బుల గురించీ, వాడే మందుల గురించీ అడుగుతారు. సీటు పోతుందని చాలామంది దాస్తారు. బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకీ, ఇంట్లో దగ్గరవాళ్ళకి ఉన్నవాళ్ళకీ రోజుకి పదిగంటల నిశ్శబ్దం జబ్బుని పైకి లేపగలదు. మాత్రలు సొంతంగా మానేసి వెళ్ళడం అన్నిటికంటే ప్రమాదం. వరసగా రెండు రాత్రులు నిద్రలేకపోయినా అలసట లేకపోవడం, ఆలోచనలు పరుగెత్తడం, పక్కవాళ్ళు తన గురించే ఆలోచిస్తున్నారనిపించడం, ఒళ్ళు తనది కానట్టు రోజంతా అనిపించడం, ఇవి పురోగతి గుర్తులు కావు. కళ్ళు తెరవాలి, ధ్యానం ఆపాలి, ఆచార్యుడికి చెప్పాలి, అన్నం తినాలి, చెట్ల కింద నడవాలి, ఎవరితోనైనా మాట్లాడాలి. తగ్గకపోతే సైకియాట్రిస్టు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ ఫోన్ నంబరు 14416కి తెలుగులో మాట్లాడవచ్చు.

కుండని కుదిపే మందులు

ధ్యానం కుండని నిలబెడితే సైకెడెలిక్ మందులు, అంటే కొన్ని గంటలపాటు చూపునీ ఆలోచననీ మార్చేసే మందులు, దాన్ని పట్టుకుని కుదుపుతాయి. 1938లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్ఎస్‌డీని తయారుచేశాడు, దాని ప్రభావం 1943లో తెలిసింది. మెక్సికోలో మజటెక్ తెగవాళ్ళు అంతకుముందునుంచే రోగం కనిపెట్టడానికి సైలోసిబిన్ పుట్టగొడుగుల్ని రాత్రి పూజల్లో వాడుతున్నారు. అమెజాన్ తెగలు తాగే అయహువాస్కా కషాయంలో రెండు మొక్కలు: ఒకదాని ఆకులో డీఎంటీ అనే సైకెడెలిక్ మందు, ఇంకోదాని తీగలో ఆ డీఎంటీని పేగు విరిచేయకుండా ఆపే పదార్థం. అది తాగితే విపరీతంగా వాంతులవుతాయి, వాళ్ళు దాన్నే శుద్ధి అంటారు. వాంతి చేయించే మన వమన కర్మకి చుట్టరికంలా కనిపిస్తుంది గానీ దిగులుకి (డిప్రెషన్‌కి) సెర్ట్రలైన్‌లాంటి మాత్రలు వాడేవాళ్ళకి ఆ తీగ ప్రాణాంతకం కావచ్చు.

ఈ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం అంటుకునే గ్రాహకాల్లో ఒకదాన్ని పట్టుకుని, "నేను" అన్న కథ నడిపే అల్లికని కొన్ని గంటలు వదులుచేస్తాయి. పాత మడ్డి పైకి లేస్తుంది. దాన్ని చూసి తట్టుకునే ఏర్పాటు ఉంటే మేలు, లేకపోతే భయంతో గడ్డకట్టిపోతారు. అందుకే వైద్య పరీక్షల్లో మందు కంటే దాని చుట్టూ ఉండే పనే ఎక్కువ: కుటుంబంలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉంటే పక్కనపెట్టడం, గుండె పరీక్ష, ముందు రోజుల్లో మాటలు, మందిచ్చిన రోజు ఆరేడు గంటలు పక్కనే మనుషులు, తర్వాత వారాలపాటు చర్చ. ఆస్ట్రేలియా 2023 జులైనుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టుల చేత, వేరే మందులకి లొంగని దిగులుకి మాత్రమే, సైలోసిబిన్ ఇవ్వనిస్తోంది. ఇది గోవా పార్టీలో మందు అద్దిన కాగితపు స్టాంపు నాకడం లాంటిది కాదు. ఆ స్టాంపు మీద ఏముందో అమ్మేవాడికీ తెలియదు, ఎల్ఎస్‌డీ పేరుతో వచ్చే ఎన్‌బోమ్ రకాల కృత్రిమ మందులు ప్రాణాలు తీశాయి.

చట్టం సంగతి సూటిగా: 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కింద ఎల్ఎస్‌డీ, సైలోసిబిన్, డీఎంటీ మూడూ నిషేధం. ఎల్ఎస్‌డీకి వాణిజ్య పరిమాణం, అంటే వ్యాపారం కిందే లెక్కగట్టే పరిమాణం, గ్రాములో పదోవంతు. అది దాటితే కనీసం పదేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా.

మన గట్లమీద పూసే ఉమ్మెత్త గురించి ఒక హెచ్చరిక చాలు. శివుడికి పెట్టే పువ్వే, కానీ గింజలో ఉండేది దర్శనమిచ్చే మందు కాదు. అట్రోపిన్, స్కోపోలమైన్. నోరెండిపోయి, ఒళ్ళు కాలిపోయి, కనుపాపలు విచ్చుకుని, మూత్రం ఆగిపోయి, లేని మనుషులతో మాట్లాడతారు, తర్వాత గుర్తుండదు. ఒక కాయకీ ఇంకో కాయకీ విషం మోతాదు ఒకటి కాదు. కుండని పగలగొట్టడమే అది.

డాక్టర్లు డీటాక్స్ అనేది దేన్ని

ఇన్ని చోట్ల వాడేస్తున్న ఈ మాటకి ఆసుపత్రిలో ఖచ్చితమైన అర్థం ఒకటుంది: అలవాటుపడిన సారానో మత్తునో ఒంటినుంచి క్షేమంగా దింపడం. డెల్టాలో దీని అవసరం ఎక్కువగా పడేది కార్తీకంలో, అయ్యప్ప మాలలు వేసే రోజుల్లో.

రోజూ క్వార్టరో హాఫో ఏళ్ళ తరబడి తాగే మనిషి మాల వేసుకుని ఒక్కపొద్దులో మానేస్తాడు. భక్తి నిజమే, సంకల్పమూ గట్టిదే. కానీ ఇన్నాళ్ళూ మద్యం అణిచిపెట్టిన మెదడు తొక్కిపెట్టిన స్ప్రింగులా లేస్తుంది. 6 గంటలనుంచే చేతుల వణుకు, చెమట, నిద్రలేమి. రెండురోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండోరోజునుంచి నాలుగోరోజులోపు కొందరికి మతిభ్రమ: గోడమీద పురుగులు, ఎవరో పిలుస్తున్నట్టు వినబడటం, జ్వరం, గుండెదడ. పీఠం దగ్గర కూర్చున్న స్వామి ఇలా మాట్లాడుతుంటే పూనకమని హారతిచ్చే అవకాశం ఉంది. వైద్యం అందకపోతే ఈ దశలో మనిషి దక్కకపోవచ్చు.

పొద్దున లేవగానే తాగకపోతే చేయి వణికే అలవాటున్నవాళ్ళు మాలకి రెండువారాల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మెదడు ఉద్రేకాన్ని అణిచే లోరాజెపామ్ రకం మాత్ర మోతాదు తగ్గిస్తూ ఐదునుంచి ఏడు రోజులిస్తారు, బీ1 విటమిన్ సూది వేస్తారు. బీ1 ముందు పడాలి, గ్లూకోజ్ సెలైన్ తర్వాత. తిరగేస్తే మెదడు దెబ్బతింటుంది. ఊళ్ళో నీరసానికి ఎక్కించే గ్లూకోజ్ సీసాలో బీ1 ఉండదు. ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళని ఇంట్లో కాదు, ఆసుపత్రిలోనే మాన్పించాలి. దగ్గర్లోని డీ-అడిక్షన్ కేంద్రం ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెప్తారు.

ఇంకో గండం మాల తీసిన రాత్రి. 41 రోజుల్లో ఒంటికి మద్యాన్ని తట్టుకునే అలవాటు పోయి ఉంటుంది. మళ్ళీ తాగితే, అప్పుడు తట్టుకున్న కొలతే ఇప్పుడు పడేస్తుంది. గురక పెడుతూ లేపినా లేవకపోతే మత్తుగా పడుకున్నాడని వదిలేయకూడదు. ఒక పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, పైకాలు ముందుకి మడిచి, వాంతి బయటికి జారేలా మొహం కిందికి వంచి 108కి ఫోన్ చేయాలి. వచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనే కూర్చుని ఊపిరి చూస్తుండాలి.